చూపిన ధరే తీసుకోవాలి: చేనేత ఆన్‌లైన్ దుకాణాల్లో కరెన్సీ చిక్కులు

సంపాదకుల వారికి నమస్కారం.

ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం సందర్భంగా చీరల ఆన్‌లైన్ అమ్మకాల గురించి మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. మా మంగళగిరి నిజాం అంచు చీర ఫొటో చూసి ఇంట్లో అందరం సంతోషపడ్డాం. అయితే అందులో ఒక మాట దగ్గర ఆగిపోయాను. సొంత వెబ్‌సైట్ ఉన్న నేత కుటుంబాలు ఒక కరెన్సీ ప్లగిన్ (సైట్‌కు అదనపు పని నేర్పే చిన్న ప్రోగ్రాం) చేర్చుకుంటే చాలు, అమెరికా వాళ్లకు డాలర్లలో, కువైట్ వాళ్లకు దినార్లలో ధర దానంతటదే కనబడుతుందని రాశారు. కనబడుతుంది, నిజమే. కనబడిన ఆ ధరకూ, కార్డులోంచి పోయిన డబ్బుకూ, పార్సిల్ మీద రాసిన విలువకూ పొంతన కుదర్చడమే అసలు పని. ఆ పని గురించి ఒక్క ముక్క కూడా లేకపోతే, మీ కథనం నమ్మి దుకాణం తెరిచినవాళ్లు నష్టపోతారు. అందుకే ఈ ఉత్తరం పెద్దదైనా ఓపికతో చదివి ప్రచురించమని కోరుతున్నాను.

మాది మంగళగిరి. మా మామయ్యగారు గుంట మగ్గం మీద నేసిన మనిషి. ఇప్పుడు మేం నూలు ఇచ్చి నేయిస్తాం, మజూరీ కడతాం, అమ్ముతాం. కొట్టు మావారు చూసుకుంటారు, వెబ్‌సైట్ నేను చూసుకుంటాను. వెబ్‌సైట్లు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద, దానికి అమ్మకాల ఏర్పాటు జతచేసే వూకామర్స్‌తో పెట్టిన దుకాణం. 2011లో వచ్చిన ఈ వూకామర్స్ ఉచితం కాబట్టి మాలాంటి చిన్న వ్యాపారులు చాలామంది దీంతోనే మొదలుపెడతారు. దీనికి సొంతంగా తెలిసింది ఒకే ఒక్క కరెన్సీ. మాకు అది రూపాయి. డేటాబేస్‌లో చీర పక్కన రాసి ఉండేది రూపాయల అంకె మాత్రమే. డాలర్ అంకె ఎక్కడా దాచి ఉండదు. పేజీ తెరుచుకునేటప్పుడు వూకామర్స్ ధర అడిగిన ప్రతిచోటా కరెన్సీ ప్లగిన్ మధ్యలోకి వచ్చి, రూపాయల అంకెను ఆనాటి రేటుతో లెక్కకట్టి, కొత్త అంకె అందిస్తుంది. ఇక్కడే ఉంది కిటుకంతా. ధర మధ్యలో చెయ్యి పెట్టే ప్లగిన్ అదొక్కటే అయితే గొడవ లేదు. తగ్గింపు ధరల ప్లగిన్, బ్లౌజు కుట్టు ఛార్జీలు కలిపే ప్లగిన్, రవాణా ఖర్చు లెక్కించే ప్లగిన్, కార్డు నుంచి డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వే ప్లగిన్, అన్నీ అదే అంకెను పట్టుకుంటాయి. ఒకే పోగును ఇద్దరు చెరోవైపు లాగితే అంచు వంకర పోయినట్టు, ధర వంకర పోతుంది.

మాకు మొదట వచ్చిన ఫిర్యాదు న్యూజెర్సీ నుంచి. మా దగ్గర తరచూ కొనే ఆవిడ ఫోన్ చేసి, "ఏమండీ, రాత్రి ఇదే చీర 100 డాలర్లు అని చూపించింది. పొద్దున చూస్తే 8,500 డాలర్లు అంటోంది. ఏదండీ నిజం?" అని అడిగారు. అదే వారంలో విజయవాడ నుంచి ఒకాయన, తను విజయవాడలో కూర్చుని చూస్తుంటే ధర డాలర్లలో ఎందుకు వస్తోందని వాట్సాప్‌లో ఫొటో పెట్టారు. నేను నా ఫోన్‌లో చూస్తే అంతా సరిగ్గానే ఉంది. ఈ రకం తప్పుతో పెద్ద ఇబ్బంది ఇదే. దుకాణం నడిపేవాళ్లకు కనబడదు, కొనేవాళ్లకే కనబడుతుంది. సైట్‌లోకి లాగిన్ అయి ఉన్నవాళ్లకు సాధారణంగా తాజా పేజీ వస్తుంది, బయటివాళ్లకు దాచిపెట్టిన నకలు వస్తుంది.

సైట్ వేగంగా తెరుచుకోవాలని పేజీ క్యాషింగ్ ప్లగిన్ ఒకటి అందరం పెట్టుకుంటాం. మొదట వచ్చిన మనిషి కోసం తయారైన పేజీని అది దాచిపెట్టి, తర్వాత వచ్చినవాళ్లందరికీ అదే ఇస్తుంది. మొదట వచ్చింది అమెరికా మనిషైతే దాచిన పేజీ డాలర్లలో ఉంటుంది, ఆ తర్వాత వచ్చిన విజయవాడ ఆయనకూ డాలర్లే. ఇక 8,500 డాలర్ల సంగతి ఏమిటంటే, అంకె దాచిన పేజీలోది, దాని ముందున్న గుర్తు మాత్రం బ్రౌజర్‌లో అప్పటికప్పుడు మారింది. రూపాయల అంకెకు డాలర్ గుర్తు తగులుకుంది. మరుసటి రోజుకు నకలు గడువు తీరి కొత్తది తయారవుతుంది కాబట్టి, మనం వెతకబోయేసరికి తప్పు మాయమైపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి నాకు ఉపయోగపడిన పద్ధతి రాస్తాను. లాగిన్ కాకుండా బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో (పాత గుర్తులేవీ వాడని) విండోలో ఆ చీర పేజీ తెరవాలి. తర్వాత అదే చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి, ఏదో ఒక అక్షరం, సమానం గుర్తు, ఒక అంకె తగిలించి మళ్లీ తెరవాలి. ఇంతకుముందెవరూ అడగని చిరునామా కాబట్టి ఎక్కువ సైట్లలో సర్వర్ (సైట్ ఉండే కంప్యూటర్) తాజా పేజీ ఇస్తుంది. రెండింట్లో ధర వేరుగా ఉంటే దొంగ క్యాషింగే. చాలామంది ఇక్కడ క్యాషింగ్ ప్లగిన్ ఆపేసి చూస్తారు, తప్పు పోదు, దాంతో కరెన్సీ ప్లగినే పనికిరాదని తేల్చేస్తారు. సైట్‌కు చోటిచ్చే హోస్టింగ్ కంపెనీ తన సర్వర్ మీద విడిగా ఇంకో పేజీ క్యాష్ (నకళ్ల నిల్వ) నడుపుతుంటుంది, దాని ముందు, పేజీల నకళ్లను చూసేవాళ్లకు దగ్గరి సర్వర్లలో ఉంచే సీడీఎన్ అనే మరో పొర ఉండొచ్చు. మనం ఆపింది ఒక పొర మాత్రమే. మా హోస్టింగ్ వాళ్ల సహాయ విభాగం మొదట అలాంటిదేమీ లేదనే చెప్పింది. బ్రౌజర్‌లో నెట్‌వర్క్ భాగం తెరిచి, పేజీతో పాటు వచ్చిన హెడర్ అనే సమాచారంలో ఇది నకలేనని రాసి ఉన్న ఫొటో తీసి పంపాక ఒప్పుకున్నారు.

పరిష్కారానికి రెండు దారులున్నాయి. బ్రౌజర్‌లో కరెన్సీ పేరు దాచే కుకీ అనే చిన్న గుర్తును బట్టి ఒక్కో కరెన్సీకి ఒక్కో నకలు దాచమని క్యాషింగ్ పొరలన్నిటికీ చెప్పడం మొదటిది. పేజీ నకలే ఇచ్చి, ధర అంకెలను మాత్రం పేజీ తెరుచుకున్నాక విడిగా సర్వర్ నుంచి తెప్పించడం రెండోది. వూకామర్స్‌లో కూడా, మనిషి ఏ దేశం నుంచి వచ్చాడో కనిపెట్టే అమరికలో, పేజీ క్యాషింగ్‌తో కలిసి పనిచేసేందుకు ప్రత్యేకంగా ఒక ఎంపిక ఉంది. అది పెడితే చిరునామా చివర ఒక చిన్న తోక వచ్చి చేరుతుంది. దాన్ని చూసి వైరస్ అనుకుని తీయించేసినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. అది వైరస్ కాదని ఈ ఉత్తరం ద్వారా చెబుతున్నాను.

రెండో రకం తప్పు దీనికంటే ప్రమాదం, ఎందుకంటే డబ్బు నిజంగానే చేతులు మారుతుంది. లెక్క సులువు కోసం డాలర్‌కు 85 రూపాయలు అనుకుందాం. 8,500 రూపాయల చీర 100 డాలర్లు. మా సైట్‌లో చీర పేజీ 100 డాలర్లనే చూపించేది. కొన్న ఆవిడ ఫాల్, పికో కావాలని టిక్ పెట్టి బుట్టలో వేసుకోగానే ధర 1 డాలర్ 18 సెంట్లయింది. ఆమె డబ్బు కట్టేశారు కూడా. కట్టి, వెంటనే ఫోన్ చేసి, "అమ్మా, ఇది తప్పు కదా, మిగతా డబ్బు ఎలా పంపను?" అని అడిగారు. అంత మంచితనం అందరి దగ్గరా ఆశించలేం. ఆశించకూడదు కూడా.

ఏం జరిగిందంటే, కుట్టు ఛార్జీలు కలిపే ప్లగిన్ చీర ధర అడిగింది. కరెన్సీ ప్లగిన్ 100 అని ఇచ్చింది. ఆ ప్లగిన్‌కు డాలర్ల సంగతి తెలియదు. ఆ 100నే చీర అసలు ధరగా రాసిపెట్టింది. తర్వాత బుట్ట మొత్తం కూడేటప్పుడు కరెన్సీ ప్లగిన్ ఆ 100ను రూపాయలనుకుని మళ్లీ 85తో భాగించింది. ఒకే చీర రెండుసార్లు మారకం అయింది. ఇదే జంట ప్లగిన్లు మరో సందర్భంలో దీనికి తలకిందులుగా కూడా చేస్తాయి. 750 రూపాయల బ్లౌజు కుట్టును మారకం చేయకుండా అలాగే కలిపి, 100 డాలర్ల చీరను 850 డాలర్లు చేస్తాయి. మొదటి తప్పులో మనం మునుగుతాం. రెండో తప్పులో కొనేవాళ్లు మనల్ని దోపిడీదారులనుకుని వెళ్లిపోతారు, ఎందుకు వెళ్లారో మనకు చెప్పరు. వాళ్లలో ఒకరు సోషల్ మీడియాలో రాస్తే ఊరి పేరుతో సహా పోతుంది. భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న చీర మాది. ఆ పేరు మా ఒక్కరి సొత్తు కాదు.

రెండుసార్లు మారకం అయిందో లేదో తేల్చడం సులువే. సరైన ధరను తప్పు ధరతో భాగించి చూడండి. జవాబు సరిగ్గా ఆనాటి మారకం రేటు దగ్గరకు వస్తే అదే జబ్బు. ఏ రెండు ప్లగిన్ల మధ్య అని తేల్చడానికి మాత్రం ఓపిక కావాలి. నడుస్తున్న దుకాణం మీద ప్రయోగాలు చేయకుండా సైట్‌కు నకలు తీయించుకోవాలి. దీన్ని స్టేజింగ్ అంటారు, చాలా హోస్టింగ్ కంపెనీలు ఇస్తాయి. అందులో వూకామర్స్, కరెన్సీ ప్లగిన్ తప్ప మిగతావన్నీ ఆపి, థీమ్ (సైట్ రూపం) కూడా మామూలుదానికి మార్చి, ఒకే చీరతో కొని చూడాలి. ధర సరిగ్గా వస్తే, ఆపినవాటిలో సగం తిరిగి పెట్టి చూడాలి. తప్పు వస్తే దొంగ ఆ సగంలో ఉంది, లేకపోతే మిగతా సగంలో. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే, ఒక్కొక్కటిగా వెతకడం కంటే చాలా తొందరగా తేలుతుంది. నకలు తీయడానికి వీలులేని వాళ్లకు వర్డ్‌ప్రెస్ వాళ్లదే హెల్త్ చెక్ అనే ఉచిత ప్లగిన్ ఉంది. అది మిగతా ప్లగిన్లను మన ఒక్కరికి మాత్రమే ఆపి చూపిస్తుంది, దుకాణానికి వచ్చినవాళ్లకు ఏమీ మారదు. దీని సంగతి చెబితే మా పక్క వీధి కొట్టు అబ్బాయి, "అక్కా, ఇన్నాళ్లూ రాత్రి పన్నెండు దాటాక సైట్ మూసేసి వెతుకుతున్నాను" అన్నాడు.

మిగతా చిన్న తప్పులు త్వరగా చెప్పేస్తాను. 500 రూపాయల తగ్గింపు కూపన్ మారకం కాకపోతే 500 డాలర్ల తగ్గింపు అవుతుంది, 100 డాలర్ల చీర ఉచితంగా పోతుంది. శాతాల్లో ఇచ్చే కూపన్లకు ఈ బెడద లేదు. 5,000 పైన కొంటే రవాణా ఉచితం అన్న హద్దు రూపాయల్లోనే ఉండిపోతే, డాలర్లలో కొనేవాళ్లు ఎవరూ ఆ హద్దు చేరలేరు. ఒకే చీరకు అంచు రంగును బట్టి వేర్వేరు ధరలు పెడితే, ఆ ధరల పట్టికను వూకామర్స్ విడిగా దాచుకుంటుంది. కరెన్సీ ప్లగిన్ తన కరెన్సీ పేరును ఆ పట్టిక గుర్తులో చేర్చకపోతే పాత కరెన్సీ అంకెలే వస్తాయి. పైన మూలన కనిపించే చిన్న బుట్ట కూడా బ్రౌజర్‌లో దాచిన అంకెలే చూపుతుంటుంది, కరెన్సీ మార్చాక అది ఖాళీ అయి మళ్లీ నిండాలి.

కువైట్ సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. రాజంపేట, రాయచోటి వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఎందరో ఆడవాళ్లు కువైట్‌లో ఇళ్లలో పని చేస్తున్నారు. పండక్కి అమ్మకో, చెల్లెలికో చీర నేరుగా ఊరికే పంపమని మాకు ఆర్డర్ ఇస్తుంటారు. అలా కొన్న ఒకావిడ ఫోన్ చేశారు. "మేడం, చీర 30 దినార్లని ఉండాది, నా కార్డులో 3 దినార్లే పట్టుకునింది. ఏమన్నా తప్పు పడిందేమో సూడండి. మల్లా మా అమ్మకు చీర రాకుండా పోతాదేమో" అన్నారు. ఆమె భయం డబ్బు గురించి కాదు, చీర అందదేమోనని.

మన రూపాయికి 100 పైసలు, డాలర్‌కు 100 సెంట్లు. కువైట్ దినారుకు 1,000 ఫిల్సులు. బహ్రెయిన్ దినారు, ఒమన్ రియాల్ కూడా ఇలాగే వెయ్యి భాగాలవి. వీటి ధర రాసేటప్పుడు చుక్క తర్వాత 3 అంకెలు ఉంటాయి. జపాన్ యెన్‌కు చుక్క తర్వాత అంకెలే లేవు. పేమెంట్ గేట్‌వేలు చాలావరకు చుక్కలున్న అంకె తీసుకోవు. మొత్తాన్ని అతి చిన్న నాణెంలోకి మార్చి పంపమంటాయి. 100 రూపాయలైతే 10,000 పైసలని పంపాలి. 30 దినార్లయితే 30,000 ఫిల్సులని పంపాలి. ప్లగిన్ రాసినవాళ్లు ప్రపంచంలో అన్ని కరెన్సీలకూ వందే అనుకుని 100తో గుణించారు. 3,000 అని వెళ్లింది. గేట్‌వే దాన్ని 3,000 ఫిల్సులుగా, అంటే 3 దినార్లుగా చదువుకుని అంతే పట్టుకుంది. ఇదే తప్పు జపాన్ నుంచి కొన్నవాళ్లకు జరిగితే 100 రెట్లు ఎక్కువ పట్టుకుంటుంది. ఏ కరెన్సీకి చుక్క తర్వాత ఎన్ని అంకెలో ఐఎస్ఓ 4217 అనే అంతర్జాతీయ ప్రమాణంలో పట్టికగా ఉంది. ఆ పట్టిక చూడకుండా కరెన్సీల మీద ప్లగిన్ రాయడం, తూకం రాళ్లు సరిచూడకుండా కొట్టు తెరవడం లాంటి నిర్లక్ష్యమని గట్టిగా అంటాను.

దినారు విషయంలో రేటు దగ్గర కూడా ఒక గుంట ఉంది. కొన్ని ప్లగిన్లు మారకం రేట్లను యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రోజూ ప్రకటించే పట్టిక నుంచి ఉచితంగా తెచ్చుకుంటాయి. ఆ పట్టికలో రూపాయి ఉంది, డాలర్ ఉంది, సింగపూర్, ఆస్ట్రేలియా డాలర్లున్నాయి. కువైట్ దినారు లేదు, దుబాయ్ దిర్హాం లేదు, సౌదీ రియాల్ లేదు. మన తెలుగువాళ్లు లక్షల్లో ఉన్న గల్ఫ్ కరెన్సీలే లేవు. అలాంటప్పుడు ప్లగిన్ తప్పు చూపదు. దుకాణం పెట్టిన రోజు ఎవరో చేత్తో రాసిన రేటునే పట్టుకుని కూర్చుంటుంది. దిర్హాంకు ఒక ఉపాయం ఉంది. అది 1997 నుంచి డాలర్‌కు 3.6725 చొప్పున కట్టేసి ఉంది కాబట్టి డాలర్ రేటు తెలిస్తే దిర్హాం రేటు తెలిసినట్టే. సౌదీ రియాల్ కూడా డాలర్‌కు 3.75. కువైట్ దినారును మాత్రం 2007 నుంచి కొన్ని కరెన్సీల కలగలుపుకు కట్టారు. దాన్ని ఇలా లెక్కకట్టలేం, విడిగా రేటు తెచ్చే ఏర్పాటు చేసుకోవాల్సిందే.

మరో మాట. రూపాయల్లో పైసలు ఎవరూ చూడరని మనవాళ్లు వూకామర్స్‌లో చుక్క తర్వాత అంకెలు సున్నా అని పెట్టుకుంటారు. కరెన్సీ ప్లగిన్ ఆ అమరికనే అన్ని కరెన్సీలకూ వాడితే 27 దినార్ల 450 ఫిల్సులు ఉన్నపళంగా 27 దినార్లవుతుంది. దినారుకు 275 రూపాయలనుకుంటే, ఒక్కో చీర మీద 120 రూపాయలు దాటి పోతున్నట్టు. నేతన్నకు పెంచి ఇవ్వాలని మేం మీనమేషాలు లెక్కపెట్టే మజూరీ తేడా అది.

ఇక డబ్బు పట్టుకునే చోటు. కొన్ని ప్లగిన్లు ధరను డాలర్లలో చూపిస్తాయే తప్ప, చివర్లో పట్టుకునేది రూపాయల్లోనే. అప్పుడు డాలర్లలోకి మార్చేది కొన్నవాళ్ల కార్డు బ్యాంకు. దాని రేటు వేరు, దాని మీద విదేశీ లావాదేవీ రుసుం వేరు. మేం 100 చూపించాం, వాళ్ల స్టేట్‌మెంట్‌లో అంతకు మించి ఉంటుంది. ఆ తేడా మాకు రాదు, కానీ మాట పడేది మేమే. ఇలా చూపించడం తప్పని అనను. ఆ పక్కనే "డబ్బు రూపాయల్లో పట్టుకుంటాం, మీ బ్యాంకు రేటును బట్టి కొంత తేడా ఉండొచ్చు" అని తెలుగులోనూ, ఇంగ్లిష్‌లోనూ స్పష్టంగా రాయాలి. నేను చూసిన దుకాణాల్లో చాలావాటిలో ఆ వాక్యం లేదు.

గేట్‌వే మాయమయ్యే జబ్బు కూడా ఇక్కడిదే. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ మన దేశంలో లోపలి చెల్లింపులను 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది, ఇక్కడి వ్యాపారులకు విదేశాల నుంచి వచ్చే డబ్బుకే పనికొస్తుంది. బుట్ట కరెన్సీ రూపాయి అని కనబడితే దాని ప్లగిన్ చెల్లింపు పద్ధతుల వరసలోంచి తప్పుకోవడం సరైన పనే. కానీ కరెన్సీ ప్లగిన్ రూపాయిని డాలర్‌గా మార్చక ముందే గేట్‌వే ప్లగిన్ వచ్చి కరెన్సీ ఏమిటని చూసి వెళ్లిపోతే, కొనేవాళ్లకు డాలర్లలో బుట్ట కనబడుతుంది, కట్టే మార్గం కనబడదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరస తప్పింది, అంతే. కరెన్సీ ప్లగిన్ తయారుచేసినవాళ్లకు ఆ వరస వివరంగా రాసి పంపితే సరిచేస్తారు. "పని చేయడం లేదు" అని ఒక్క ముక్క రాస్తే మాత్రం ఏ జవాబూ రాదు. వూకామర్స్ స్టేటస్ పేజీలో సైట్ వివరాలన్నీ ఒకేచోట నకలు తీసుకునే వీలుంది. అది జతచేసి, ఏ చీర, ఏ కరెన్సీ, ఎంత రావాలి, ఎంత వచ్చింది అని నాలుగు వాక్యాలు రాస్తే వాళ్లు వెంటనే పట్టించుకుంటారు. నా అనుభవం ఇది.

ఇంత వివరంగా ఎందుకంటే, ఇప్పుడు ఈ అంకెల మీద మునుపటికంటే ఎక్కువ ఆధారపడి ఉంది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. ఒక్క చీర పంపినా దాని విలువ మీద సుంకం లెక్క వస్తుంది. ఇన్వాయిస్‌లో 100 డాలర్లు, చెల్లింపు కాగితంలో 1 డాలర్ 18 సెంట్లు ఉంటే, అడిగిన అధికారికి ఏమని చెబుతాం? మన వైపు జీఎస్టీ లెక్కకు కూడా ఎగుమతి సరుకు విలువ కట్టేది కస్టమ్స్ ప్రకటించిన రేటుతో. ప్లగిన్ చూపిన రేటు ఒకటి, బ్యాంకు ఖాతాలో జమ చేసిన రేటు ఇంకొకటి, కస్టమ్స్ రేటు మరొకటి. మూడూ వేరువేరుగా ఉండటం సహజమే, మూడింటినీ ఆర్డర్ పక్కన రాసిపెట్టుకోవాలి. వూకామర్స్ అమ్మకాల నివేదిక అయితే 100 డాలర్ల ఆర్డర్‌ను 100 రూపాయలుగా కూడేసుకుంటుంది, కరెన్సీ ప్లగిన్ ఆ పని విడిగా చూసుకుంటే తప్ప. ఆ నివేదిక చూసి ఆడిటర్‌గారికి లెక్క ఇస్తే ఏడాది అమ్మకాలు సగానికి సగం తగ్గి కనబడతాయి.

ఇన్ని చూశాక మా దుకాణానికి నేను చేసిన నిర్ణయం చెబుతాను. ఆటోమేటిక్ మారకం తీసేశాను. రూపాయి, డాలర్, దినారు, ఈ మూడే ఉంచాను. ప్రతి చీరకూ మూడు ధరలూ నేనే చేత్తో రాస్తాను. కాస్త మంచి కరెన్సీ ప్లగిన్లలో ఒక్కో కరెన్సీకి స్థిర ధర రాసుకునే వీలుంటుంది. నెలకోసారి రేటు చూసి, తేడా బాగా ఉంటేనే ధర మారుస్తాను. మిగతా దేశాల వాళ్లకు రూపాయలే చూపించి, రూపాయలే పట్టుకుంటాను. మా దగ్గర ఉండేది వందల్లో చీరలు, వేలల్లో కాదు. చేత్తో రాయగలిగిన ధరను యంత్రానికి అప్పజెప్పి రోజుకో తీరుగా మార్చడం వల్ల మాకొచ్చిన లాభం ఏమీ లేదు. వేల రకాల సరుకు అమ్మే పెద్ద కంపెనీలకు ఆ అవసరం వేరు, వాళ్లకు జీతాలిచ్చి పెట్టుకున్న ఇంజినీర్లుంటారు. పోచంపల్లి, ఉప్పాడ, వెంకటగిరి, ఎక్కడి నేత కుటుంబమైనా నన్ను అడిగితే ఇదే చెబుతాను. ఏడెనిమిది దేశాల జెండాలు పేజీ పైన పెట్టుకునే కంటే, నిలబెట్టుకోగల రెండు మూడు ధరలు పెట్టండి.

నేతవాళ్లకు ఆన్‌లైన్ అమ్మకాల మీద శిక్షణ ఇచ్చే ప్రభుత్వ శాఖలకూ, సంస్థలకూ ఒక విన్నపం. ఫొటోలు తీయడం, సరుకు ఎక్కించడం నేర్పిస్తున్నారు, సంతోషం. అదే తరగతిలో ఒక పూట ఈ ధరల పరీక్షకు ఇవ్వండి. సైట్ తయారుచేసి ఇచ్చే కుర్రాళ్లకు డబ్బు పూర్తిగా కట్టే ముందు, పెట్టిన ప్రతి కరెన్సీలోనూ ఒక చవక వస్తువును నిజమైన కార్డుతో కొనిపించి, పేజీలో ధర, బుట్టలో ధర, కార్డు మెసేజ్, గేట్‌వేలో జమ, ఆ తర్వాత రిఫండ్, ఈ ఐదు అంకెలూ ఒకే కాగితం మీద రాయించి తీసుకోమని నేతవాళ్లకు చెప్పండి. టెస్ట్ మోడ్‌లో చూపించి సరిపెడితే ఒప్పుకోవద్దు. పరీక్ష కార్డులకు బ్యాంకు రేటు తగలదు, రుసుం తగలదు. కూపన్‌తో ఒకసారి, ఫాల్, పికో కలిపి ఒకసారి కొని చూడాలి. ప్లగిన్లు అప్‌డేట్ అయిన ప్రతిసారీ స్టేజింగ్‌లో ఇదంతా మళ్లీ చూసుకున్నాకే అసలు దుకాణానికి పెట్టాలి.

విదేశాల్లో ఉండి మా దగ్గర కొనే తెలుగువాళ్లకు కూడా ఒక మాట. ధర వింతగా కనబడితే పేజీ మూసి వెళ్లిపోకండి. స్క్రీన్‌షాట్ తీసి, మీరున్న దేశం, టైము రాసి దుకాణం నంబరుకు పంపండి. న్యూజెర్సీ ఆవిడ, విజయవాడ ఆయన, కువైట్ చెల్లెలు మాకు చెప్పబట్టే మేం తప్పులు పట్టుకోగలిగాం. కువైట్ ఆర్డర్ చీర ఊళ్లో వాళ్ల అమ్మగారికి అందింది. మిగతా 27 దినార్లు ఆమె తర్వాత నెల జీతం రాగానే పంపారు, మేం అడగకుండానే.

పైన చెప్పిన పరీక్షల పట్టికను, ఏ కరెన్సీకి చుక్క తర్వాత ఎన్ని అంకెలో అన్న వివరంతో సహా, తెలుగులో ఒక పేజీకి సరిపడా రాసి ఉంచాను. మీరు వచ్చే అనుబంధంలో ప్రచురిస్తామంటే వెంటనే పంపుతాను. అవసరమైన నేత కుటుంబాలు కత్తిరించి కొట్టులో అంటించుకుంటాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మంగళగిరి, గుంటూరు జిల్లా